మేస్త్రీగారు కట్టిన మూడు గూళ్ళు

చేతికి ఏ వస్తువు అందినా ముందు దాని బరువు చూడకుండా ఉండలేకపోయేవారు మేస్త్రీగారు. కొబ్బరికాయ ఇస్తే అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించేవారు. మంచినీళ్ళ చెంబు ఇచ్చినా అంతే, తాగేముందు ఒకసారి తూచేవారు. మా వాడు పుట్టాక నేను పుట్టింటి నుంచి వచ్చిన రోజున, పొత్తిళ్ళతో సహా వాణ్ణి అందుకుని, ముఖం కూడా సరిగ్గా చూడకుండా చేతుల్లో కాసేపు ఆడించి, "బాగున్నాడమ్మా. బరువు సమానంగా ఉంది, ఒక పక్కకి ఒరగటం లేదు" అన్నారు. పిల్లాడి ముక్కు ఎవరి పోలికో చెప్తారని ఎదురుచూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లాడనుకున్నారా, పనస పండనుకున్నారా అని లోపలికెళ్ళి గొణుక్కున్నాను.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, పెయింటు డబ్బాలు వేలాడేసుకున్న ఒక మోపెడ్ వచ్చి నా ముందు ఆగింది. మస్తాన్. లారీల మీద పూలూ, నెమళ్ళూ, ఓనర్ల పిల్లల పేర్లూ రాసే పెయింటరు. అతనూ మేస్త్రీగారూ ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో చాలా కాలం కలిసి పని చేశారు. నన్ను గుర్తుపట్టినందుకు సంతోషిస్తూ ఏదో అనబోతున్నాను.

"మేస్త్రీ పోయాడమ్మా" అన్నాడు. "నిన్న పొద్దున. నిద్రలోనే. నేను అక్కడికే పోతన్నా."

వెనక నుంచి హారన్లు మోగుతుంటే అతను బండి పోనిచ్చాడు. గవర్నర్‌పేటలో లైనింగు గుడ్డలు కొనాలని బయలుదేరినదాన్ని, వెనక్కి తిరిగి కంకిపాడు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక కళ్ళు వాటంతటవే కారాయి. ఆయన ఏ ఊళ్ళో పుట్టారో, ఎంతవరకు చదివారో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన చేతులు, ఆయన మొండితనం, ఒక కోళ్ళగూడు.

పెళ్ళైన కొత్తలో మేము కంకిపాడులో ఆయన ఇంట్లో ముందు వాటా అద్దెకి తీసుకున్నాం. మా ఆయన గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో పని చేసేవారు. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. నేను దొడ్డివైపు కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఆ దొడ్లో జరిగిందేదీ నా కంట పడకుండా పోలేదు. చెవిన పడకుండా అసలే పోలేదు, ఆ ఇంటావిడ గొంతు అలాంటిది.

వీధిలో అందరికీ ఆయన మేస్త్రీగారు. నాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. లారీ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఇంజనూ, చక్రాలూ, ఇనప చట్రమూ మాత్రమే ఉంటాయట. సరుకు వేసే తొట్టంతా ఇక్కడే ఆటోనగర్‌లో చెక్కతో కడతారు. ఆ బాడీలు కట్టడంలో ఆయన పెద్ద వడ్రంగి. మేము చేరేనాటికి పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నారు. మానేసింది షెడ్డుకి వెళ్ళడం మాత్రమే. నడుస్తూ నడుస్తూ ఎవరింటి తలుపునైనా వేలి కణుపుతో టకటకా కొట్టి, ఆ చప్పుడు విని, తృప్తిగానో అసహ్యంగానో తల ఊపేవారు. లోపలివాళ్ళు ఎవరో వచ్చారనుకుని తలుపు తీసేసరికి ఈయన రెండిళ్ళు దాటిపోయి ఉండేవారు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. "ఇది కుర్చీ కాదమ్మా, కుర్చీ ఫొటో" అనేవారు. మనుషుల సంగతి మాట్లాడినా లారీ భాషే. ఎదురింటి కోడలు ఇంటెడు చాకిరీ చేసి చిక్కిపోతుంటే, "ఆ పిల్లకి ఓవర్‌లోడయిందమ్మా. యాక్సిల్ విరిగాక ఏడుస్తారు వీళ్ళు" అని పైకే అన్నారు, అత్తగారికి వినపడేలాగే.

పిన్నిగారు మాత్రం ఆయన్ని ఎక్కడా లెక్కచేసేది కాదు. ఆవిడ లోకం ఆవిడ కోళ్ళు. పొద్దున్నే "బా... బా... బా..." అని నూకలు చల్లితే దొడ్డి నలుమూలల నుంచీ పరిగెత్తుకొచ్చేవి. సాయంత్రం ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి తిట్టుకుంటూ గంప కింద మూసేది. ఆవిడ వట్టి చేతులతో నడవగా నేను ఎప్పుడూ చూడలేదు. బిందో, చీపురో, గంపో, చివరికి ఒక ఎండు కొబ్బరి మట్టో, ఏదో ఒకటి చేతిలో ఉండాల్సిందే.

ఒకరోజు పొద్దున నూకల చేట పట్టుకునే కూలబడిపోయింది. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. విజయవాడలో ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకొచ్చాక నోటి మాట ముద్దముద్దగానైనా తిరిగొచ్చింది, కాలు మాత్రం రాలేదు. "ఇప్పుడు నడిపిస్తేనే నడక. ఈ కొన్ని నెలలూ మంచం మీద గడిపేస్తే కాలు అలాగే బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేస్త్రీగారు ఆ మాట నాకు చెప్తున్నప్పుడు చేతిలో ఉన్న సుత్తిని అటూ ఇటూ మారుస్తూనే ఉన్నారు. దాని బరువు ఎంతో ఆయనకి తెలియదా!

నడిపించడానికి ఆయన పడని పాట్లు లేవు. నాలుగు కాళ్ళ స్టీలు వాకరు తెచ్చారు. పిన్నిగారు దాన్ని ఎగాదిగా చూసి, "బాగుందయ్యా, తువ్వాళ్ళు ఆరేసుకోడానికి" అంది. అన్నట్టే మర్నాటి నుంచి దాని మీద తువ్వాలు, జాకెట్టు, ఆయన బనీను ఆరుతూ కనిపించాయి. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమంటే మొహం తిప్పేసుకుంది.

"అక్కడేముందని పోవాలి?"

"ఏం లేదండీ, ఊరికే నడవడమే."

"ఊరికే అటూ ఇటూ తిరగడానికి నాకేమన్నా పిచ్చా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఆవిడ మొండికేస్తోందని అందరూ అనుకున్నారు. నాకైతే అది సిగ్గనిపించింది. పని లేకుండా నడవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేసి ఉండదు.

అక్కడ కోళ్ళ గతి కూడా అలాగే తయారైంది. సాయంత్రం మేస్త్రీగారు గంప పట్టుకుని దొడ్డంతా పరుగులు పెట్టేవారు. ఆ కోళ్ళు ఆయన మాట వింటేగా! మునగచెట్టు కింద ఉన్నట్టే ఉండి, గంప కిందికి దిగేసరికి స్నానాలగది కప్పు మీద ఉండేవి. రెండింటిని ముంగిస ఎత్తుకుపోయింది. వరండాలో మంచం మీద నుంచి పిన్నిగారు అదంతా చూస్తూ పడుకునేది. ఒక్క తిట్టు కూడా తిట్టేది కాదు.

ఒకరోజు ఆయన మా కిటికీ దగ్గరకొచ్చారు. "గూడు కడతన్నానమ్మా. కదిలే గూడు."

"కదిలేదేంటి బాబాయిగారూ?"

"అడుగుండదు. పైన కప్పు, చుట్టూ జాలీ. కోళ్ళు నేల మీదే తిరుగుతుంటాయి, బయటికి మాత్రం పోలేవు. రోజూ కాస్త ముందుకి జరిపితే కొత్త గడ్డి, కొత్త పురుగులు. కంపుండదు, తెగులుండదు."

"రోజూ ఎవరు జరుపుతారు?"

ఆయన వరండా వైపు చూసి గొంతు తగ్గించారు. "నడవమంటే నడవదమ్మా అది. పనంటే లేస్తది. పని పెట్టాలి. దాంతో మాత్రం అనకు. కోళ్ళ కోసమనే చెప్పు."

ఇంత తెలివైన ఆలోచన చేసిన మనిషి కట్టింది ఏమిటయ్యా అంటే, లారీ.

అవును, లారీయే. మద్ది చెక్క దూలాలు, మూల మూలకీ ఇనప పట్టీలు, నా బొటనవేలంత లావు బోల్టులు. రోజుల తరబడి దొడ్లో రంపం చప్పుడు, సుత్తి చప్పుడు. నేను మిషను ఆపి అడిగాను, "కోళ్ళెన్ని కొంటున్నారు బాబాయిగారూ, వందా?" అని.

"ఉన్నవేనమ్మా. ఎన్నున్నా గూడు గట్టిగా ఉండాలి గదా."

అంతా అయ్యాక ఆయన దాని కప్పు మీదకెక్కి గెంతారు. ఆ వయసులో! "చూశావా, కిర్రుమనలేదు!"

"కోళ్ళు అలా గెంతవు కదండీ?"

"గెంతితే?"

తర్వాత మస్తాన్ వచ్చి పసుపు రంగేసి, ఎర్ర అంచులు గీసి, నాలుగు పక్కలా తామరపూలు వేశాడు. బ్రష్షు తుడుచుకుంటూ, "మేస్త్రీ, దీనికి పర్మిట్టు తీయించాలి. ఒక డ్రైవర్నీ, ఒక క్లీనర్నీ కూడా పెట్టుకో" అన్నాడు. మేస్త్రీగారు అతని వైపు చూడను కూడా చూడలేదు.

ఆ వారమే వాన కురిసింది. మా దొడ్డి నల్లరేగడి. వాన పడితే చెప్పు దిగబడి ఊడి రాదు. అలాంటి నేల మీద ఆ గూడు దాని చిన్న చిన్న ఇనప చక్రాలతో సహా కడుపుదాకా కూరుకుపోయింది. వీధిలో మగవాళ్ళంతా వచ్చి హైలెస్సా అని తోసినా అంగుళం కదల్లేదు. మస్తాన్ కాలు జారి బురదలో కూర్చున్నాడు. అప్పుడు వరండా లోంచి ముద్దగా, నెమ్మదిగా, కానీ స్పష్టంగా వినపడింది.

"ఏమయ్యా, దాంట్లో కోళ్ళని పెడతావా, ధాన్యం లోడెత్తుతావా?"

అందరం వెనక్కి తిరిగాం. పిన్నిగారు నవ్వుతోంది. మూతి ఒక పక్కకే పోతోంది, అయినా నవ్వుతోంది. అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రీగారికి మాత్రం కోపం నషాళానికంటి, చేతిలో తాడు విసిరికొట్టి లోపలికెళ్ళిపోయారు. సాయంత్రం మళ్ళీ కిటికీ దగ్గరకొచ్చి, నా మొహం చూడకుండా, "నవ్వింది చూశావా అమ్మా? ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదలు" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. అంతవరకూ వెక్కిరిద్దామని రెండు మాటలు సిద్ధం చేసుకున్నదాన్ని, లేచి ఆయనకి కాఫీ కలిపిచ్చాను.

రెండో గూడు తేలిగ్గా ఉండాలని అందరం తీర్మానించాం. ఆయన ఒప్పుకున్నారు, చేతులు ఒప్పుకోలేదు. పల్చటి బద్ద పట్టుకుంటే ఆయనకి దడ. రెండు మేకులు చాలిన చోట ఐదు కొట్టి బద్ద చీలిపోయేలా చేసేవారు. చీలింది గనక ఇంకో బద్ద కలిపేవారు. అది చూసి మస్తాన్ ఆ బద్ద లాగేసేవాడు. "ఇరిగిపోద్దిరా" అని ఆయన, "ఇరగదు మేస్త్రీ, ఇందులో ఎక్కేది కోడి" అని మస్తాన్. పొద్దస్తమానూ ఇదే గొడవ. చివరికి వెదురు బద్దలతో, సన్న జాలీతో, సైకిలు చక్రాలతో గూడు తయారైంది. మేస్త్రీగారు దాన్ని ఒక్క వేలితో ఎత్తి, ఏదో చెయ్యకూడని పని చేసినట్టు మొహం పెట్టి, కిందికి దించారు.

మర్నాడు పొద్దున కోళ్ళకి కావాలనే గింజలు వెయ్యలేదు. అవి గూట్లో గోల గోల. ఆయన అరుగు మీద కూర్చుని ఏమీ వినపడనట్టు చెక్క చిత్రిక పడుతున్నారు. పిన్నిగారు కాసేపు ఓర్చుకుంది. తర్వాత అరిచింది.

"చెవుడొచ్చిందా నీకు? అవి ఆకలితో చస్తున్నాయి!"

"నాకు పనుంది. నువ్వెయ్యి."

"నేనెట్లా వేస్తానయ్యా?"

"పడుకుని మాత్రం వెయ్యలేవు."

ఆవిడ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. కానీ తిడుతూనే కుడి చేత్తో మంచం పట్టె పట్టుకుని లేచింది! ఆయన ఉరికెళ్ళి నడుం పట్టుకుని మెట్టు దింపి, గూటి దాకా నడిపించుకొచ్చారు. నూకలు చల్లించారు. "ఇప్పుడు కాస్త ముందుకి తొయ్యి, కొత్త చోటుకి పోతాయి" అని చెయ్యి వదిలారు. ఆవిడ గూటి అంచు మీద చెయ్యి ఆనించింది. ఆనించగానే అది సర్రున ముందుకి పోయింది. సైకిలు చక్రాలు మరి. ఆవిడ అక్కడే కూలబడింది.

నేను పరిగెత్తాను. దెబ్బేమీ తగల్లేదు, మోచెయ్యి కాస్త గీరుకుంది. కానీ ఆవిడ మొహంలో భయం చూశాను. మంచం మీద కూడా చూడని భయం అది. ఆ తర్వాత ఆవిడ మెట్టు దిగలేదు. దిగమని ఆయన అడగనూ లేదు. గూటిని తీసుకెళ్ళి గోడకి ఆనించేసి, అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. కాఫీ గ్లాసు ఇస్తే బరువు చూడకుండా తాగేశారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"లేచిన మనిషిని నా చేత్తో నేనే పడేశానమ్మా" అన్నారు. "ఇంక లేవదు."

నేను అన్నం వండుకుంటూ, జాకెట్లు కుట్టుకుంటూ, ఆ గోడకి ఆనించిన గూటిని చూసినప్పుడల్లా దేవుణ్ణి తిట్టుకునేదాన్ని. డాక్టరు చెప్పిన నెలలు కరిగిపోతున్నాయి. ఆవిడ కాలు రోజురోజుకీ చిక్కిపోవడం నా కంటికే కనపడుతోంది.

చివరికి దారి చెప్పింది ఆవిడే. మధ్యాహ్నం భోజనం పెట్టడానికి వెళ్ళాను నేను. ఆయన పక్కనే కూర్చుని ముద్ద కలుపుతున్నారు. ఆవిడ ఆయన చెయ్యి ఆపింది.

"ఆ గూటికి బరువెయ్యి."

"ఏంటి?"

"అంత తేలిగ్గా ఉంటే ఎట్లా ఆనుకునేది? నేను చెయ్యి ఆనిస్తే ఆగాలి. తోస్తే జరగాలి. అట్లా చెయ్యి."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది ఆ మొహం. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ తర్వాత మొహమంతా వెలిగిపోయింది.

"ఓసి నీ దుంపతెగ, బరువెక్కడ పెట్టాలో చూడటం నాకొచ్చిన పనే గదే! మొదటే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా మొదటే?"

అది నిజమే. గూడు ఎలా ఉండాలని ఆయన నన్నడిగారు, మస్తాన్‌ని అడిగారు, వీధిలో పోయేవాళ్ళని కూడా అడిగారు. తోయాల్సిన మనిషిని మాత్రం అడగలేదు.

మూడో గూడు మొదటి దాని చెక్కా, రెండో దాని బద్దలూ కలిపి కట్టింది. సైకిలు చక్రాలు అటు చివర. ఆవిడ పట్టుకునే ఇటు చివర చక్రాలే లేవు, కింద రెండు మద్ది పట్టీలు. నేల మీద జారేలా వాటి ముందు కొసలు పైకి చెక్కారు. ఆవిడ బరువు ఆనిస్తే పట్టీలు నేలని కరిచి పట్టుకుని గూడు ఆగిపోతుంది. ఆనడం తగ్గించి ముందుకి తోస్తే పట్టీలు జారి గూడు కదులుతుంది. నడుం ఎత్తున అడ్డంగా ఒక నున్నటి కర్ర, పట్టుకోడానికి. ఆయన ఎడమ చెయ్యి వెనక్కి మడిచి పెట్టుకుని, ఎడమ కాలు ఈడుస్తూ, తానే పక్షవాతం మనిషిలా దాన్ని దొడ్లో తోసి చూసుకోవడం నేను కిటికీ లోంచి చూశాను. సరిపోయేదాకా పట్టీలు చెక్కుతూనే ఉన్నారు. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు. నాకు మాత్రం దండం పెట్టాలనిపించింది.

మొదటి రోజు ఆవిడ గూటిని ఒక జాన జరిపింది. అంతే. కర్ర మీద వాలిపోయి ఆయాసపడుతూ నిలబడింది. గూడు ఆగింది. ఎక్కడికీ పోలేదు. ఆవిడ ఒకసారి కావాలని ఇంకా గట్టిగా ఆని చూసింది. ఆగింది. అప్పుడు తలెత్తి ఆయన్ని చూసి, "ఇది పర్లేదు" అంది.

ఆ తర్వాత పొద్దున లేస్తే ఆవిడకి అదే పని. తిట్లు తిరిగొచ్చాయి. లోపల కోళ్ళు కూడా గూటితోపాటు నడవడం నేర్చుకున్నాయి. నడవనిదాన్ని "ఏమే మహారాణీ, నీకు పల్లకీ తేవాలా" అని తిట్టి నడిపించేది. మేస్త్రీగారు అరుగు మీద చిత్రిక పడుతూ చూడనట్టు చూసేవారు. ఎన్ని రోజులు పట్టారో గానీ ఆ చెక్కముక్క పుల్లయిపోయింది. రోజూ ఆవిడ ఒక వంక చెప్పేది, ఆయన సణుగుతూ సరిచేసేవారు. కర్ర ఎత్తుగా ఉందంటే దించారు. జారుతోందంటే పాత చీర పీలిక చుట్టారు. గుడ్లు తీయడానికి వంగలేకపోతున్నానంటే పక్కన నడుం ఎత్తులో చిన్న తలుపు పెట్టి, గుడ్లు పెట్టే తట్టని అందులోకి ఎక్కించారు. వాన పడితే రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి ముందు దారి పొడుగునా పోసేవారు. "ఎన్ని రిపేర్లే తల్లీ నీతో" అనేవారు. ఆ అనడంలో ఎంత సంతోషమో!

గూడు దాటిపోయిన నేలని కోళ్ళు బాగా కెలికి, ఎరువేసి వదిలేవి. పిన్నిగారు అక్కడ తోటకూర విత్తనాలు చల్లమనేది. నెలా రెండు నెలలకి వరండా మెట్టు నుంచి గూడున్న చోటి దాకా పచ్చగా ఒక చాపలా పరుచుకుంది. ఆవిడ ఎంతదూరం నడిచిందో ఎవరినీ అడగక్కర్లేదు, కూర ఎక్కడిదాకా మొలిచిందో చూస్తే చాలు. మా ఇంట్లో వారానికి నాలుగు పూటలు తోటకూరే. మా ఆయన విసుక్కుంటే, "నోరు మూసుకుని తినండి, అది మామూలు కూర కాదు" అన్నాను.

అలా అలా ఒకరోజు గూడు దొడ్డి చివర ప్రహరీ గోడకి చేరింది. మేస్త్రీగారు అరుగు మీద మస్తాన్‌తో కబుర్లలో ఉన్నారు. నేను బట్టలు ఆరేస్తున్నాను.

"ఏమయ్యా, గోడొచ్చేసింది!" అని కేక.

"ఆగు, వస్తన్నా. తిప్పాలి దాన్ని."

"నువ్వొచ్చేదాకా ఇట్లా గోడని చూస్తా నిలబడనా?"

అంటూనే ఆవిడ కర్ర వదిలేసింది. నేను ఆరేస్తున్న చీర అలాగే పట్టుకుని ఉండిపోయాను. మేస్త్రీగారు సగం దూరం పరిగెత్తుకొచ్చి, తోటకూర మధ్యలో టక్కున ఆగిపోయారు. పిలిస్తే అదిరి పడుతుందేమో అని ఆయన భయం. చెయ్యి ముందుకి చాపి అలాగే నిలబడ్డారు.

ఆవిడ కుడి చెయ్యి గాలిలో కాస్త పైకెత్తి పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, ఎడమ కాలు ఈడ్చి ఒక అడుగు వేసింది. నిలదొక్కుకుంది. ఇంకో అడుగు. గూడు పక్కనుంచి, మూల తిరిగి, గోడకీ గూటికీ మధ్య సందులోకి వెళ్ళింది. అటు వైపు చేరి ఇటు తిరిగి నిలబడింది. వట్టి చేతులతో. గూట్లో కోళ్ళు కూడా ఆవిడ వెంటే అటు చివరకి చేరాయి.

వంగి అటూ ఇటూ చూసింది. చెయ్యి వేసి తడిమింది. అక్కడ చక్రాలున్నాయి గానీ, పట్టుకునే కర్ర లేదు.

"ఇటు పక్క కర్రేదయ్యా?" అంది కోపంగా. "మళ్ళీ వెనక్కి తోలుకుంటా రావాలని తెలీదా నీకు? ఇటు పక్క ఎందుకు పెట్టలేదు?"

మేస్త్రీగారు కర్ర లేని ఆ చివర వైపే చూశారు. ఎన్ని సరిచేశారు ఆ గూటికి! కర్ర దించారు, తలుపు పెట్టారు, పీలిక చుట్టారు. వెనక్కి రావడం గురించి మాత్రం ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

"నువ్వింత దూరం వస్తావని అనుకోలేదే" అన్నారు. "నిజంగా అనుకోలేదే." ఆ మాట అనేసి, మస్తాన్ ఉన్నాడని గానీ నేనున్నానని గానీ చూడకుండా, ఆ తోటకూర మధ్యలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

పిన్నిగారు ఆయన్ని చూసింది. ఆవిడ కళ్ళూ నిండాయి. కానీ గొంతులో తగ్గలేదు.

"ఏడుపు తర్వాత. ముందు కర్ర పట్రా."

"తెస్తన్నా, తెస్తన్నా, ఇప్పుడే పెట్టేస్తా" అంటూ ఆయన అరుగు దగ్గరికి పరిగెత్తారు. పెట్టెలో బోల్టులు వెతుకుతూ అన్నీ కింద పోసేసుకున్నారు. కళ్ళు తుడుచుకుంటారు, ఏరతారు, మళ్ళీ జారిపోతాయి. మస్తాన్ వంగి సాయం చెయ్యబోతే అతనికీ కళ్ళు కనపడటం లేదు.

దొడ్డి చివర నుంచి, గోడ పక్క నుంచి ఆవిడ పిలిచింది.

"కంగారు పడకయ్యా. నిలబడే ఉన్నాగా."